బడి కమిటీలో పేరుంటే చాలదు

పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుల్లో చాలామందికి పదవి ఒక సంతకంతో మొదలై ఇంకో సంతకంతో ముగిసిపోతుంది. బడి నుంచి తీర్మానాల పుస్తకం ఇంటికి వస్తుంది. చూపించిన చోట పేరు రాస్తారు, లేదా వేలిముద్ర వేస్తారు. పుస్తకం వెనక్కి వెళ్ళిపోతుంది. ఏం తీర్మానించారో తీర్మానించినవాళ్ళకే తెలియదు.

మీరు అలాంటి సభ్యులైతే ఇక మీదట ఒక్క పని చేయండి. చదవకుండా సంతకం పెట్టకండి. చదువు రాకపోతే చదివించుకుని వినండి. మిగతా మార్పంతా ఆ ఒక్క అలవాటు నుంచే మొదలవుతుంది.

ఎందుకంటే ఈ కుర్చీ ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ఇచ్చింది. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలంది. సగం మంది స్త్రీలు కావాలంది. బడి పనితీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో గమనించడం మీ పనులంది. మన ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు చొప్పున సభ్యులను తల్లిదండ్రులే ఎన్నుకుంటారు. హెడ్మాస్టారు కన్వీనర్. చైర్మన్ మాత్రం తల్లిదండ్రుల్లోంచే రావాలి. జీతం లేదు, భత్యం లేదు. జీతం లేదు కాబట్టి బాధ్యత కూడా లేదనుకోవడం దగ్గరే మనం దెబ్బతింటున్నాం.

బాధ్యతంటే ఏమిటో మన శ్రీకాకుళం జిల్లాలోని శ్రీముఖలింగం గుడి చెబుతుంది. అక్కడికి వెళ్ళినవాళ్ళు గోడల మీద రాతలు చూసే ఉంటారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ ఊరే. ఆ శాసనాల్లో ఎన్నో అఖండదీపాల దానాలు. అఖండదీపం ఇవ్వడమంటే ప్రమిద కొనిచ్చి దండం పెట్టుకుని వెళ్ళిపోవడం కాదు. ఆ దీపం ఎప్పటికీ ఆరకుండా ఉండటానికి సరిపడా సొమ్మో పశువులో అప్పగించాలి. రోజూ నెయ్యి పోసే బాధ్యత ఎవరిదో తేల్చాలి. దాత ఒక్కసారి ఇస్తాడు, పోసేవాడు రోజూ పోస్తాడు. రాతి మీద పేరు దాతది. దీపం వెలగడం మాత్రం పోసేవాడి చలవ.

మన బళ్ళకు ఇచ్చేవాళ్ళు తక్కువేం కాదు. పోసేవాళ్ళే తక్కువ. ఊరి నుంచి విశాఖకో హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళి స్థిరపడినవాళ్ళు పుట్టిన ఊరి బడికి ఏదో ఒకటి చేయాలనుకుంటారు. మంచి మనసే. ఆర్చి కట్టిస్తారు, స్టేజీ కట్టిస్తారు, నాన్నగారి పేరు పెద్ద అక్షరాల్లో చెక్కిస్తారు. రెండేళ్ళకు నీళ్ళ మోటారు కాలిపోతే బాగుచేయించడానికి డబ్బుండదు. మోటారు లేకపోతే మరుగుదొడ్డికి నీళ్ళుండవు. మరుగుదొడ్డికి నీళ్ళు లేకపోతే ఎనిమిదో తరగతి ఆడపిల్ల మధ్యాహ్నానికే ఇంటిదారి పడుతుంది. కాబట్టి దాతలకు నా విన్నపం ఇది. ఇచ్చేముందు బడికి వెళ్ళి, ఏం కావాలో అడిగి ఇవ్వండి. ఒక లక్ష రూపాయలు డిపాజిట్ చేస్తే, ఏడు శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 7,000 వస్తుంది. మోటారు మరమ్మతులకు, ఫినాయిలుకు, పగిలిన కుళాయిలకు చిన్న బడిలో ఆ సొమ్ము ఎంత పనికొస్తుందో హెడ్మాస్టారిని అడిగి చూడండి. దాని మీద ఎవరి పేరూ కనిపించదు. అయినా ఏటా పనిచేస్తుంది.

ఇవ్వడం గురించి మాట్లాడుకుంటే ముఖలింగం చుట్టుపక్కల ఒక పేరు తలవకుండా ఉండలేం. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాషా ఉద్యమం కోసం మనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నాం. బడుల కోసం కూడా గుర్తుపెట్టుకోవాలి. పర్లాకిమిడిలో మాస్టారుగా పనిచేస్తూ ఆయన చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనులను చూశారు. వాళ్ళ పిల్లలకు చదువు చెప్పాలనుకున్నారు. వెంటనే పలకలు కొనివ్వలేదు. ముందు వాళ్ళ భాష నేర్చుకున్నారు. దానికే ఏళ్ళు పట్టింది. తర్వాత ఆ భాషలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బళ్ళు నడిపారు. ఆ కృషికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకు మంచి బడి పెట్టండి, నడిపే బాధ్యత నేను తీసుకుంటానన్నారు. ముఖలింగం శాసనాలను పట్టుదలగా చదివి వ్యాసాలు రాసిందీ ఆయనే. రాతి మీది పేర్లను అంత శ్రద్ధగా చదివిన మనిషి తనకు పారితోషికం ఇస్తామన్నప్పుడు బడి అడిగారు.

ఆయన పద్ధతిలో కమిటీ సభ్యుడు నేర్చుకోవలసింది ఆ వరసే. ముందు తెలుసుకోవాలి, తర్వాత చేయాలి. మీ బడిలో ఎంతమంది పిల్లలున్నారు? నిరుడు ఎంతమంది ఉన్నారు? తగ్గితే ఎక్కడికి వెళ్ళారు? టీచర్లు ఎంతమంది, ఖాళీలు ఎన్ని? ఈ లెక్కలు నోటికి రాని సభ్యుడు సమావేశంలో గొంతు పెంచినా లాభం లేదు.

డబ్బు లెక్క కూడా తెలియాలి. సమగ్ర శిక్ష పథకం నిబంధనల్లో పిల్లల సంఖ్యను బట్టి పాఠశాల గ్రాంటు ఉంటుంది. 30 మంది వరకు 10,000 రూపాయలు, 100 మంది వరకు 25,000, 250 వరకు 50,000, 1000 వరకు 75,000, ఆపైన లక్ష. అందులో కనీసం పది శాతం శుభ్రతకే వాడాలి. మీ బడి ఏ వరసలో ఉందో చూసుకోండి. ఈ ఏడాది ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడగండి. బిల్లులు చూపించమనండి. ఇది హెడ్మాస్టారిని అనుమానించడం కాదు. లెక్క అందరి ముందు చదివితే ముందుగా నిశ్చింతగా నిద్రపోయేది ఆయనే.

అన్నిటికన్నా విలువైన ప్రశ్న మాత్రం డబ్బు గురించి కాదు. ‘మన బడిలో ఐదో తరగతి పిల్లల్లో ఎంతమంది రెండో తరగతి పుస్తకం తడుముకోకుండా చదువుతారు?’ ఇదీ ఆ ప్రశ్న. దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో సగం మందికి పైగా అది చదవలేకపోతున్నారని 2024 అసర్ సర్వే చెప్పింది. మీ బడి సంగతి తెలుసుకోవడానికి ఏ సర్వే రానక్కర్లేదు. ఈ సాయంత్రం మీ ఇంట్లో పిల్లచేత ఒక పేజీ చదివించండి. పక్కింటి పిల్లచేత కూడా చదివించండి. ఆ ప్రశ్నను ప్రతి సమావేశంలో అడగండి. అడిగేవాళ్ళుంటే జవాబు సిద్ధం చేసేవాళ్ళు ఉంటారు. గోడలకు రంగులు ఎప్పుడు వేయిస్తారనే ప్రశ్న తర్వాత అడగొచ్చు.

మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. పనుల కోసం అమ్మానాన్నలు విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో వెళ్ళిపోతారు. పిల్లల్ని ఊళ్ళో నాయనమ్మ దగ్గర వదులుతారు. ఆవిడకు కమిటీలో చోటుందని చాలామందికి తెలియదు. చట్టం తల్లిదండ్రులనే కాదు, సంరక్షకులనూ గుర్తించింది. ‘నాకు సదువు రాదు బాబూ, నానేటి సెప్తాను’ అంటుంది ఆవిడ. చెప్పగలదు. బియ్యం ముతకవా సన్నవా, పప్పు నీళ్ళలా ఉందా, గుడ్డు తాజాదా కాదా అన్నది జీవితమంతా వండి పెట్టిన మనిషి కంటే బాగా ఏ అధికారి చెప్పగలడు? మధ్యాహ్న భోజనం వేళ వారానికి ఒకరోజు ఆవిడ వెళ్ళి పిల్లల పక్కన కూర్చుని అదే భోజనం తింటే చాలు. నన్నడిగితే, కమిటీల్లో మనం వాడుకోకుండా వదిలేస్తున్న పెద్ద బలం ఈ నాయనమ్మలే.

సమావేశం వేళ కూడా ఆలోచించాలి. ఊడుపుల్లో, కోతల్లో పగలు పదకొండు గంటలకు పిలిస్తే కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? ‘తల్లిదండ్రులకు శ్రద్ధ లేదు’ అనడం తేలిక. పొద్దున్నే పనికి వెళ్ళకముందో, సాయంత్రం తిరిగొచ్చాకో పెట్టి చూడండి. ఆ వేళ మార్చమని అడగాల్సింది మీరే. 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. అలాంటి రోజున బడి పండగలా ఉంటుంది. బడికి మీ అవసరం ఎక్కువగా ఉండేది మిగతా రోజుల్లో.

ఇక పెత్తనం గురించి. అడగడం మీ హక్కు. ఆజ్ఞాపించడం కాదు. తరగతి గదిలోకి వెళ్ళి పిల్లల ముందు టీచర్ని నిలదీసే సభ్యుడు బడికి చేసే నష్టం, ఎప్పుడూ రాని సభ్యుడు చేసే నష్టం కంటే ఎక్కువ. పాఠం ఎలా చెప్పాలన్నది మాస్టారి పని. పాఠం జరుగుతోందా లేదా అన్నది మీ పని. చెప్పాల్సింది ఉంటే గదిలో కూర్చుని, గౌరవంగా, కాగితం మీద రాసి చెప్పండి. అలాగే పార్టీ కండువా బడి గేటు బయటే వదిలేయండి. ఊళ్ళో రెండు వర్గాలుంటే ఉండనివ్వండి. రెండు వర్గాల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. చైర్మన్ పదవి కోసం కొట్లాడి, ఎన్నికయ్యాక బడి మొహం చూడనివాళ్ళను ఊరు గట్టిగానే అడగాలి.

కమిటీతో పాటు పూర్వ విద్యార్థుల సంఘమో బడి ట్రస్టో పెట్టాలనుకునేవాళ్ళూ ఉన్నారు. తప్పకుండా పెట్టండి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1978లో ఆస్తి పన్నుకు పరిమితి పెట్టాక బడుల ఆదాయం పడిపోయింది. అప్పటి నుంచి స్థానిక ప్రభుత్వ బడుల కోసం విద్యా ఫౌండేషన్లు అక్కడ బాగా పెరిగాయి. వాటి బోర్డుల్లో జీతం లేకుండా పనిచేసేది తల్లిదండ్రులూ ఊరివాళ్ళే. అక్కడి మన తెలుగువాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. ఆ అనుభవాన్ని డబ్బుతో పాటు ఇక్కడికీ పంపాలి. ఇక్కడ ఏడుగురు కలిస్తే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు. ఏటా సర్వసభ్య సమావేశం, ఆడిట్ చేసిన లెక్క, బోర్డులో కనీసం ఇద్దరు ఊళ్ళోనే ఉండేవాళ్ళు. ఈ మూడింట్లో ఏది తప్పినా సంఘం వాట్సాప్ గ్రూపుగా మిగిలిపోతుంది.

దీనివల్ల మనకేం వస్తుందని అడిగేవాళ్ళకు దాపరికం లేకుండా చెప్తాను. చాలా వస్తుంది. పదిమందిలో నిలబడి వణక్కుండా మాట్లాడటం వస్తుంది. లెక్క చదవడం వస్తుంది. నచ్చని మాటను పగ లేకుండా కాదనడం వస్తుంది. నలుగురి చేత ఒక పని పూర్తి చేయించడం వస్తుంది. వేలకు వేలు ఫీజు కట్టి కోర్సుల్లో నేర్చుకునే నాయకత్వం ఇదే. మీ బడి దీన్ని మీకు ఉచితంగా నేర్పుతుంది. శివరాత్రి జాతరలో, చక్రతీర్థ స్నానాల వేళ వంశధార ఒడ్డున మంచినీళ్ళు పోసి, క్యూలైన్లు చూసే కుర్రాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు. జనాన్ని నడిపించే నేర్పు వాళ్ళకు ఇప్పటికే ఉంది. ఆ కుర్రాళ్ళను నెలకో పూట బడికి పిలవండి. తోటపనికి, గ్రంథాలయం సర్దడానికి, సాయంత్రం చిన్నపిల్లల చేత చదివించడానికి వస్తారు. పిలిచేవాళ్ళు లేకే రావడం లేదు.

మన రాష్ట్రంలో 2024 ఆగస్టు 8న కమిటీ ఎన్నికలు జరిగాయి. కమిటీ కాలం రెండేళ్ళు. మళ్ళీ ఎన్నిక నోటీసు బడి గోడ మీద పడ్డ రోజున పని మానుకునైనా వెళ్ళండి. మీ ఇంట్లోవాళ్ళనూ, పక్కింటి నాయనమ్మనూ వెంటబెట్టుకెళ్ళండి. పని చేస్తారనుకున్నవారికి చెయ్యెత్తండి. అలాంటివారు ఎవరూ ముందుకు రాకపోతే లేచి నిలబడి మీ పేరు మీరే చెప్పండి.