పిల్లల స్థూలకాయం, శస్త్రచికిత్స: షరీఅత్ ఏమంటుంది?

ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. దాని గురించి రేపు ప్రళయదినాన మనం సమాధానం చెప్పుకోవాలి. పిల్లల ఆరోగ్యం అంతకంటే పెద్ద అమానత్. ఎందుకంటే వారి తరఫున నిర్ణయం తీసుకునేది మనమే.

ఇటీవల గోపాలపట్నంలో జుమా నమాజు తర్వాత ఒక సోదరుడు భార్యతో, కొడుకుతో కలిసి నా దగ్గరకు వచ్చారు. అబ్బాయికి పదహారేళ్ళు, బరువు 118 కిలోలు. షుగర్ వచ్చింది. రాత్రి గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నాడు. నమాజు కుర్చీలో కూర్చుని చేస్తున్నాడు. ఏడాదిన్నర పాటు ఆహార నియమాలు, నడక, మందులు అన్నీ అయ్యాక, కడుపు చిన్నది చేసే ఆపరేషన్ గురించి ఆలోచించమని డాక్టరు చెప్పారట.

"హజ్రత్! అల్లాహ్ ఇచ్చిన అవయవాన్ని కోసి తీసేయడం హరామ్ కాదా?" అని తండ్రి అడిగారు.

"వీడు ఊపిరి తీసుకుంటున్నాడో లేదోనని రాత్రంతా మేలుకుని చూస్తున్నాను హజ్రత్" అంది తల్లి.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. కనుక వివరంగా తెలుసుకుందాం.

అసలు ఈ ఆపరేషన్ ఏమిటి?

2015 జూన్‌లో సినీనటి ఆర్తీ అగర్వాల్ అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారని వార్తలు వచ్చాయి. అప్పటి నుంచి బరువు తగ్గే ఆపరేషన్ అనగానే చాలామందికి అదే గుర్తుకొస్తుంది. కానీ లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును పీల్చివేయడం. అది స్థూలకాయానికి చికిత్స కాదు. మనం మాట్లాడుతున్నది వేరే ఆపరేషన్.

ఇందులో ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. స్లీవ్ పద్ధతిలో కడుపులో ముప్పాతిక భాగానికి పైగా తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా కుడతారు. బైపాస్ పద్ధతిలో చిన్న సంచి వంటి కడుపును తయారుచేసి దాన్ని పేగుకు కలుపుతారు. వీటివల్ల కొద్దిగా తినగానే కడుపు నిండుతుంది. ఆకలిని పుట్టించే హార్మోన్లలో కూడా మార్పు వస్తుంది.

సృష్టిని మార్చడమా, చికిత్సా?

అల్లాహ్ సృష్టిని మార్చేలా మనుషుల్ని పురికొల్పుతానని షైతాను పలికిన మాట అన్నిసా సూరాలో (4:119) ఉంది. తండ్రి భయానికి మూలం అదే. అయితే అందం కోసం మార్చుకోవడం వేరు, హానిని తొలగించుకోవడం వేరు. హజ్రత్ అర్ఫజా (రజి) ముక్కు యుద్ధంలో తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది దుర్వాసన కొట్టింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనను బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు (అబూదావూద్, తిర్మిజి). పురుషులకు బంగారం నిషిద్ధమైనా అవసరం కొద్దీ అనుమతి లభించింది.

మన కాలపు ధర్మవేత్తలు కూడా దీనిపై స్పష్టత ఇచ్చారు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2007 జూలైలో మలేసియాలోని పుత్రజయలో సమావేశమై ఒక తీర్మానం చేసింది. బరువు వ్యాధిగా మారినప్పుడు, శస్త్రచికిత్స తప్ప వేరే మార్గం లేనప్పుడు, హాని నుంచి భద్రత ఉన్నప్పుడు అది ధర్మసమ్మతమేనని దాని సారాంశం. ఈ మూడు షరతులను బాగా గుర్తుంచుకోండి.

షరతులు నెరవేరాయో లేదో ఎవరు చెప్పాలి?

ఒక ప్రయాణంలో ఒకాయన తలకు గాయమైంది. ఆ స్థితిలో ఆయనకు గుసుల్ అవసరమైంది. తయమ్ముమ్ చేసుకోవచ్చా అని అడిగితే, వీల్లేదని సహచరులు చెప్పారు. స్నానం చేశాక ఆయన మరణించారు. ఆ సంగతి విని దైవప్రవక్త (స) తీవ్రంగా ఆగ్రహించారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవడమే అజ్ఞానానికి మందు అని బోధించారు (అబూదావూద్). ఈ హదీసు చదివినప్పుడల్లా మావంటి వారికి వెన్నులో వణుకు పుట్టాలి. షరతులేమిటో మేము చెప్పగలం. అవి ఈ అబ్బాయి విషయంలో నెరవేరాయా అన్నది నిపుణులైన వైద్యులు చెప్పాలి.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, తీవ్ర స్థూలకాయం ఉన్న 13 ఏళ్ళు, ఆపై వయసు పిల్లలను ఈ చికిత్స పరిశీలనకు పంపవచ్చు. అక్కడే 13 నుంచి 19 ఏళ్ళ వయసులో ఆపరేషన్ చేయించుకున్న 242 మందిని గమనించారు. మూడేళ్ళ తర్వాత బరువు సగటున 27 శాతం తగ్గింది. షుగర్ ఉన్నవారిలో 95 శాతం మందికి అది అదుపులోకి వచ్చింది. పదేళ్ళకు ఆ సంఖ్య 55 శాతం దగ్గర నిలిచింది. నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. మూడేళ్ళకే సగానికి పైగా పిల్లల్లో ఇనుము నిల్వలు తగ్గాయి. 13 శాతం మందికి మళ్ళీ పొట్టలో ఏదో ఒక ఆపరేషన్ అవసరమైంది.

తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సినవి

ఆపరేషన్‌తో పని అయిపోదు. విటమిన్ మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి. రమజాన్ ఉపవాసాల గురించి ప్రతి ఏడాదీ ముందుగా డాక్టరును అడగాలి. వ్యాధిగ్రస్తులకు అల్లాహ్ సడలింపు ఇచ్చాడు (2:185). ఆడపిల్లలైతే ఆపరేషన్ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకూడదు. కాబట్టి "బరువు తగ్గగానే నికాహ్ చేసేద్దాం" అని ఆపరేషన్‌కు తొందరపెట్టకండి. అలా చేస్తే అది చికిత్స కాదు, అందం కోసం చేయించినట్లే.

కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి అన్న ప్రవక్త (స) బోధన మన దస్తర్‌ఖాన్‌కు పాఠం. ఆ పాఠం ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది. కూల్‌డ్రింకు సీసా మనమే కొనితెచ్చి, వలీమా దావత్‌లో మనమే బలవంతంగా వడ్డించి, తర్వాత లావెక్కిన బిడ్డను ఎగతాళి చేయడం న్యాయమేనా? ఒకరినొకరు ఎగతాళి చేయవద్దని అల్లాహ్ ఆదేశం (49:11). పైగా ఇంత తీవ్రమైన స్థూలకాయంలో వంశపారంపర్యం, హార్మోన్ల పాత్ర కూడా ఉంటుంది. దాన్ని తిండిపోతుతనం అని కొట్టిపారేయలేం.

చివరగా నేను ఆ అబ్బాయిని అడిగాను: "నీకేమనిపిస్తోంది బేటా?" అంతవరకు వాడిని ఎవరూ అడగలేదని వాడి ముఖం చూస్తే తెలిసింది. "కోత అంటే భయం హజ్రత్. కానీ ఆగకుండా మెట్లెక్కి మేడమీది క్లాసుకు వెళ్ళాలని ఉంది" అన్నాడు.

మరో నిపుణుడి అభిప్రాయం తీసుకోమని, పిల్లవాడి ఎదుటే అన్నీ మాట్లాడమని, ఇస్తిఖారా నమాజు చేసుకోమని చెప్పి పంపాను. నిర్ణయం వారు ఇంకా తీసుకోలేదు. అయితే ఇప్పుడు వారు హరామ్ అన్న భయంతో ఆగడం లేదు, లోకం ఏమంటుందోనని పరుగెత్తడమూ లేదు. తెలిసినవారిని అడుగుతున్నారు.

అల్లాహ్ మన పిల్లలకు ఆరోగ్యాన్ని, మనకు సరైన నిర్ణయం తీసుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.