అందరి ఇంటి నంబరూ ఒకటే అయితే? హామ్ రేడియోలో ఐపీ చిరునామాల పంపకం

2020 మే 20న అంఫాన్ తుపాను పశ్చిమ బెంగాల్‌ను తాకినప్పుడు కోల్‌కతాలో చాలాచోట్ల కరెంటు పోయింది, మొబైల్ సేవలు దెబ్బతిన్నాయి. అలాంటి వేళ ఆసరాగా నిలవగలిగేది హామ్ రేడియో. మకర సంక్రాంతికి జరిగే గంగాసాగర్ మేళాలో తప్పిపోయినవారిని ఇళ్లకు చేర్చడంలో పశ్చిమ బెంగాల్ రేడియో క్లబ్ సభ్యులు తోడ్పడుతూ వస్తున్నారు.

రేడియోలో మాటలే కాదు, కంప్యూటర్ డేటా కూడా పంపవచ్చు. తప్పిపోయినవారి జాబితా అలా వెళ్లగలదు. కానీ ఇక్కడొక చిక్కుంది.

బెహాలాలో ఒక హామ్, సాల్ట్ లేక్‌లో మరొక హామ్ ఉన్నారనుకుందాం. ఇద్దరి రౌటర్లూ కొన్నప్పటి అమరికలోనే, 192.168.1.0/24 నెట్‌వర్క్‌తో ఉన్నాయి. బెహాలా కంప్యూటర్ 192.168.1.20కి సందేశం పంపితే, మొదటి 24 బిట్లూ తన నెట్‌వర్క్‌వే కాబట్టి ఆ చిరునామా ఇంట్లోనే ఉందనుకుంటుంది. సందేశం రేడియో దాకా పోనే పోదు.

పరిష్కారం, కలపడానికి ముందే పంచుకోవడం. క్లబ్ 10.20.30.0/24 అనే నెట్‌వర్క్‌ను తీసుకుందనుకోండి. అందులో 256 చిరునామాలుంటాయి. ఒక్కో ఇంటి రేడియో పరికరాలకు /29 సబ్‌నెట్ ఇద్దాం. ఐపీ చిరునామాలో మొత్తం 32 బిట్లు. 29 పోగా మిగిలేవి 3. రెండును మూడుసార్లు గుణిస్తే 8. అంటే 8 చిరునామాల చొప్పున 32 వాటాలు.

బెహాలాకు 0 నుంచి 7, సాల్ట్ లేక్‌కు 8 నుంచి 15, ఇలా సాగుతుంది. ప్రతి వాటాలో మొదటిది నెట్‌వర్క్‌కు, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కు పోతాయి. మిగిలే 6 చిరునామాలు రౌటర్, రాస్ప్‌బెర్రీ పై, రేడియో కంప్యూటర్‌లకు చాలు. మాస్క్ 255.255.255.248. మేళా శిబిరాల కోసం కొన్ని వాటాలను ముందే పక్కన పెట్టుకోవాలి.

ఇంట్లోని ఫోన్లు, టీవీ మాత్రం వేరే సబ్‌నెట్‌లోనే ఉండాలి. హామ్ రేడియోలో రహస్య సంకేత భాష, వ్యాపార సందేశాలు నిషిద్ధం. బ్యాంకు యాప్, వాట్సాప్ పంపే డేటా గుప్తీకరించినదే. అది పొరపాటున కూడా రేడియో ఎక్కకూడదు. పైగా, సాధారణ ప్యాకెట్ రేడియో వేగం సెకనుకు 1200 బిట్లే. టీవీ రొద దానికి మోయలేని బరువు. సబ్‌నెట్లు వేరు చేయడంతోనే పని పూర్తవదు. రెండింటి మధ్య ఉండే రౌటర్‌లో అడ్డుకునే నియమం కూడా రాయాలి.

ఇదే సూత్రం ప్రపంచ స్థాయిలోనూ ఉంది. 1981లో హ్యాంక్ మాగ్నుస్కీ చొరవతో 44తో మొదలయ్యే సుమారు 1.67 కోట్ల చిరునామాలు హామ్‌లకు దక్కాయి. 2019లో వాటిలో నాలుగో వంతును అమెజాన్‌కు అమ్మారు. మిగిలినవాటి నుంచి లైసెన్సున్న హామ్‌లు నేటికీ ఉచితంగా వాటా కోరవచ్చు.

ఏ పద్ధతి ఎంచుకున్నా, ఎవరికి ఏ వాటా ఇచ్చారో రాసిన పట్టికను ప్రతి స్టేషన్‌లో కాగితం మీద కూడా ఉంచుకోవడం మంచిది. కరెంటు పోయినప్పుడు చదవగలిగేది దాన్నే.