ఒక పగటిలో చెన్నపట్నపు రేవు

రాయలసీమవాసులకు సముద్రము చెవులు వినిన వస్తువే గాని కన్నులు చూచిన వస్తువు కాదు. కర్నూలు, కడప సీమలను చుట్టివచ్చినను ఉప్పునీటి అంచు ఎక్కడను తగులదు. మన పిల్లలు భూగోళ శాస్త్రములో రేవు, లంగరు, దీపస్తంభము మున్నగు పదములను కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, మార్కులు పొంది, వాటినెన్నడును చూడకయే పట్టభద్రులగుచున్నారు. కడప నుండి సుమారు 260 కిలోమీటర్ల దూరములో, రైలుబండిలో అయిదారు గంటల ప్రయాణములో, దేశములోని పెద్ద ఓడరేవులలో ఒకటి యున్నది. ఒక రాత్రి బయలుదేరి, ఒక పగలు అచ్చట గడపి, ఆ రాత్రికే తిరుగు ముఖము పట్టు విద్యాయాత్రను ఎట్లు సంకల్పింపవలెనో చెప్పుట ఈ వ్యాసపు ఉద్దేశము.

పటమున చూచినచో మనకు కృష్ణపట్నము చేరువ. 2019లో ఓబులవారిపల్లె నుండి వెలికొండలను తొలిచి, ఆరు కిలోమీటర్లకు పైబడిన సొరంగము గుండా ఆ వైపునకు రైలుమార్గము తెరచిరి. కాని అది ముఖ్యముగా సరుకుల దారి. రేవు చుట్టును విద్యార్థి ఒక పగలంతయు చూడదగిన పట్టణము లేదు. చెన్నపట్నమట్లు కాదు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యగువరకు కోర్టు వ్యాజ్యమునకైనను, విశ్వవిద్యాలయ పట్టమునకైనను మన తాతలు పోయినది అచ్చటికే. నేడు మనవారు చాలామంది ఆ ఊరిని ఆసుపత్రి కొరకో, కువైటు విమానము కొరకో మాత్రమే చూచుచున్నారు. రోగినో, విడిపోవు బంధువునో వెంటబెట్టుకొని చూచిన ఊరు ఊరుగా కనబడదు. కావున వేరే పనిలేని ఒక పగలు దానికి కేటాయింపవలెనని నా అభిప్రాయము.

ఆ దారి చరిత్రయే ఒక పాఠము. దక్షిణదేశమున మొదటి ప్రయాణికుల రైలు 1856 జులై 1న రాయపురము నుండి వాలాజా వరకు నడచినది. పిమ్మట వాయవ్యముగా సాగిన మార్గము రేణిగుంట, కడప, గుత్తి, గుంతకల్లు మీదుగా పోయి 1871లో రాయచూరువద్ద బొంబాయి మార్గముతో కలిసినది. అనగా మన కడప స్టేషను రెండు సముద్రములను కలుపు దారిలో నున్నది. ఆ రెండవ కొసన గల బొంబాయి నుండియే హజ్జు యాత్రికుల ఓడలు 1995 వరకు జిద్దాకు పోయెడివి. రైలుతో పాటు మరియొక యత్నమును జరిగినది. 1860 ప్రాంతములలో త్రవ్వబడిన కర్నూలు–కడప కాలువ సాగునీటి కొరకే గాక పడవల రాకపోకల కొరకు గూడ ఉద్దేశింపబడినది. రైలు ముందు ఆ పడవలు నిలువలేకపోయినవి. కాలువ గట్టుపై నిత్యము నడచువారిలో ఈ సంగతి ఎరిగినవారు అరుదు.

ఇక ప్రయాణపు ఏర్పాటు. యాత్రను వచ్చుబండితో మొదలుపెట్టి ఆలోచింపరాదు. తిరుగుబండితో మొదలుపెట్టి వెనుకకు లెక్కింపవలెను. ఎందుకనగా ఉదయపు ఆలస్యమునకు ఒక దర్శనీయ స్థలము తగ్గును. సాయంకాలపు ఆలస్యమునకు నలుబదిమంది పిల్లలు తెలియని ఊరిలో రాత్రి గడపవలసివచ్చును. కర్నూలువారికి కాచిగూడ నుండి వచ్చి ధోన్, గుత్తి, కడప మీదుగా చెన్నై చేరు రాత్రిబండి అనుకూలము. అది సెంట్రలునకు గాక ఎగ్మూరు వైపు పోవును. బొంబాయి మార్గపు బండ్లలో కొన్ని సెంట్రలు చేరును. నంద్యాలవారు 2016లో ఎర్రగుంట్లకు పడిన కొత్త మార్గమున వచ్చి ప్రధాన మార్గమును అందుకొనవచ్చును. వేళలు ఏటేట మారుచుండును గనుక ఇచ్చట వ్రాయను.

కాని వేళలను గూర్చి ఒక హెచ్చరిక అవసరము. రైల్వేవారి దినము అర్ధరాత్రితో మారును. శుక్రవారము రాత్రి భోజనము చేసి, పన్నెండు దాటిన తరువాత కడపలో ఎక్కు బండి రైల్వే లెక్కలో శనివారపు బండి. దానికి శుక్రవారపు తేదీతో టిక్కెట్టు కొన్నచో, మనము స్టేషను చేరుసరికి ఆ బండి పోయి ఇరువదినాలుగు గంటలగును. అదే బండిని కర్నూలులో ముందురాత్రి ఎక్కువారికి శుక్రవారపు తేదీయే సరియైనది. ఒకే బండి, రెండు ఊళ్ళు, రెండు తేదీలు! టిక్కెట్లు కొనువాడు ఈ చిక్కును ఎరిగినవాడు కావలెను. రిజర్వేషను దొరకని పక్షమున, 200 కిలోమీటర్లకు మించిన దూరము గనుక సాధారణ టిక్కెట్టును మూడు దినములు ముందే కొనవచ్చును. అయితే రాత్రంతయు నిలుచుండి వచ్చిన పిల్లవానికి పగలు రేవును చూచు ఓపిక యుండదు. విద్యాయాత్రలకు రైల్వేవారిచ్చు రాయితీకి ప్రిన్సిపాలుగారి ధ్రువపత్రముతో ముందుగా దరఖాస్తు చేయవలెను. ఖర్చు తగ్గినకొలది వచ్చు పేదవిద్యార్థుల సంఖ్య పెరుగును. నలుగురు మిత్రులు పోవుచుండగా డబ్బులేక ఒకడు ఇంట నిలిచిపోవుట, సముద్రమును చూడకపోవుటకంటె పెద్ద బాధ.

ఏ వారము పోవలెను? కోటలోని మ్యూజియమునకు శుక్రవారము సెలవు. దీపస్తంభమునకు సోమవారము సెలవు. ఆదివారము లోకల్ బండ్లు పలుచబడును, సముద్రతీరము జనముతో నిండిపోవును. శనివారము మేలు.

ఉదయము ఏడు గంటలకు దిగి, సాయంకాలము నాలుగున్నరకు తిరిగి ఎక్కవలెననుకొందము. తొమ్మిదిన్నర గంటలు చేతిలో నున్నట్లు తోచును. కాని ముఖము కడిగి ఫలహారము చేయుటకు ఒక గంట, మధ్యాహ్న భోజనమునకు ఒక గంట, బండికి ఒక గంట ముందు స్టేషను చేరుట, ఊరిలో తిరుగుటకు గంటన్నర తీసివేయగా మిగులునది అయిదు గంటలే. అయిదు గంటలలో జంతుశాల, సినిమా, బజారు, కోట, రేవు అన్నియు చూతుమనువారు ఏదియు చూడరు. ఎగ్మూరు మ్యూజియములోని అమరావతి శిల్పములను గూడ ఈసారి వదలవలెనని నేను కష్టముమీద చెప్పుచున్నాను. అవి వేరొక ప్రయాణమునకు తగినవి.

ఎగ్మూరు నుండి లోకల్ బండిలో పార్కు, ఫోర్టు దాటి బీచి స్టేషనులో దిగినచో ఎదుటనే రాజాజీ సాలయు, దాని ఆవల రేవు గోడయు కనబడును. లోపలికి పోవుటకు అనుమతి కావలెను. కళాశాల తరఫున ముందుగా లేఖ వ్రాసి కోరవచ్చును గాని, అది తప్పక లభించునని నమ్ముకొని యాత్రను కూర్చరాదు. వెలుపలినుండియే కంటైనర్ల లారీలను, ఎత్తైన క్రేనులను చూచుచు ఉపాధ్యాయుడు ఒక ప్రశ్న వేయవలెను: ఈ రేవు ఇచ్చట ఎందుకున్నది?

నిజమునకు ఉండదగిన చోటు కాదిది. కొండ అడ్డులేదు, నది మోగలో లోతులేదు, తీరము సూటిగా నున్నది. 1639లో దామెర్ల నాయకుల నుండి ఇంగ్లీషు కంపెనీవారు ఈ నేలను పొందినపుడు (చెన్నపట్నమను పేరు ఆ వంశపు చెన్నప్పనాయనిదే) ఓడలు దూరముగా లంగరు వేసి నిలిచెడివి. పలకలను మేకులు లేకుండ కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలలో మనుష్యులు, మూటలు అలలమీద తడియుచు ఒడ్డు చేరవలసివచ్చెడిది. మేకులు కొట్టిన గట్టి పడవ ఆ అలల దెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి సాగి నిలుచును. రెండు వందల ఏండ్లకు పైగా ఒక మహానగరపు వర్తకమంతయు ఆ కుట్లమీద నడచినది. 1875లో సముద్రములోనికి రాతిగోడలు చాచి కృత్రిమముగా రేవు కట్టసాగిరి. ముగియవచ్చిన ఆ గోడలను 1881 నవంబరు తుపాను పడగొట్టినది. మరల కట్టిరి. తూర్పుముఖముగా నున్న ద్వారము ఇసుకతోను అలలతోను పీడింపబడగా, 1904లో బాధ్యత చేపట్టిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు దానిని మూయించి ఈశాన్యమున వేరొక ద్వారము ఏర్పరచెను.

ఇచ్చటనే అసలు పాఠమున్నది. ఈ తీరమున ఇసుక ఊరక పడియుండదు. ఏడాదిలో ఎక్కువకాలము దక్షిణము నుండి ఉత్తరమునకు అలలతో ప్రయాణించుచుండును. రేవు గోడలు ఆ ప్రయాణమును ఆపినవి. ఆగిన ఇసుక దక్షిణమున పేరుకొని, లోకమంతయు పొగడు విశాలమైన మెరీనా తీరమైనది. అందవలసిన ఇసుక అందక ఉత్తరమున రాయపురము వైపు తీరము కోసికొనిపోయి, బండరాళ్ళు పోసి కాపాడుకొనవలసివచ్చినది. ఒకే గోడ ఒకవైపు విహారస్థలమును, మరియొకవైపు జాలరి ఇండ్లకు నష్టమును తెచ్చినది. ఏటిలో అడ్డుకట్ట వేసినపుడు ఎగువవానికి నీరు, దిగువవానికి ఇసుక మిగులుట మన సీమవారికి తెలిసినదే గనుక, ఇతరులకంటె మన విద్యార్థులకు ఇది త్వరగా బోధపడును.

రెండవ పాఠము మన నేలను గూర్చినది. కోడూరు దాపున మంగంపేటలో ప్రపంచ ప్రసిద్ధమైన ముగ్గురాయి నిక్షేపమున్నది. నూనెబావులు త్రవ్వునపుడు బురదకు బరువు నిచ్చుటకు ఆ పొడి కావలెను. అందుకే అది ఓడలెక్కి దేశాంతరములకు పోవుచున్నది. హోస్పేట ఇనుపఖనిజము నిండిన బండ్లు మన కడప మీదుగానే ఈ రేవునకు పోయెడివి. నగరముపై దుమ్ము పడుచున్నదని మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పుతో 2011లో ఆ ఖనిజము, బొగ్గు ఇచ్చట ఆగి, ఎన్నూరు, కృష్ణపట్నముల వైపు మరలినవి. ఇక మన నల్లబండ సముద్రము దాటకుండనే ఆ ఊరిలో స్థిరపడినది. చెన్నై వంటిండ్లలో అరలకు, గట్లకు వేయు రాతిని వారు నేటికిని కడప్పాకల్లు అనియే పిలుతురు. మన ఊరిపేరు వారి వంటింట నున్నదని పిల్లలకు చూపవలెను.

బీచి స్టేషనునుండి నడిచిపోదగిన దూరములో కోట. సచివాలయము అందులోనే యున్నందున తనిఖీ యుండును. ప్రతివానివద్దను కళాశాల గుర్తింపుకార్డు ఉండవలెను. మ్యూజియమునకు ఒక గంట చాలును. దారిలో హైకోర్టు గోడవద్ద, 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అను జర్మను యుద్ధనౌక నగరముపై గుండ్లు కురిపించిన దానికి గుర్తుగా ఒక ఫలకమున్నది.

ఫోర్టు స్టేషనునుండి వేలచ్చేరి వైపు పోవు ఎత్తుమార్గపు బండి ఎక్కి, చేపాకు, తిరువల్లిక్కేణి దాటి లైట్‌హౌసు స్టేషనులో దిగవలెను. ఇప్పటి దీపస్తంభము 1977 నాటిది. 2013 నుండి సందర్శకులను పైకి రానిచ్చుచున్నారు. మధ్యాహ్నము కొంతసేపు మూయుదురు గనుక ఒంటిగంటకు ముందే ఎక్కవలెను. పైనుండి చూచినచో ఇసుక వెడల్పు, దూరమున రేవు, లంగరు వేసి వంతు కొరకు నిలిచిన ఓడలు ఒక్క చూపులో కనబడును. రజూలా అను ఓడ 1926 నుండి దాదాపు అర్ధశతాబ్దము ఇచ్చటనుండియే పెనాంగు, సింగపూరులకు మనవారిని మోసినదని అక్కడ నిలిచి చెప్పవచ్చును.

పిమ్మట పిల్లలు నీటివద్దకు పరుగెత్తుదురు. ఈ యాత్రలో నిజమైన అపాయము ఇదొక్కటే. మెరీనాలో ఏటేట ప్రాణములు పోవుచున్నవి. బావిలోను, కాలువలోను ఈత నేర్చిన మన కుర్రవాండ్రు తమకు ఈత వచ్చుననుకొందురు. బావినీరు ఈదువానిని లాగదు, ఈ నీరు లాగును. వెనుకకు మరలు అల కాళ్ళక్రింది ఇసుకను తీసికొనిపోవును. పాదములు తడియుట వరకే అనుమతి యనియు, దాటినవాని పేరు మరుసటి ఏటి జాబితాలో నుండదనియు రైలెక్కకముందే చెప్పవలెను. ఒడ్డున చెప్పిన మాట అలల మ్రోతలో వినబడదు. ఇద్దరు ఉపాధ్యాయులు నీటికి వీపుపెట్టి కాక, పిల్లలకు ముందుగా నీటివైపు నిలువవలెను. విద్యార్థినులతో తప్పక ఒక అధ్యాపకురాలు ఉండవలెను.

భోజనము మూటగట్టుకొని పోవుటయే మేలు. చింతపండు పులిహోర, చపాతీలు, వేరుసెనగ ఉండలు సాయంకాలము వరకు నిలుచును. పెరుగన్నము మధ్యాహ్నము దాటినచో పులియును. సమయము మిగిలినచో తిరువల్లిక్కేణిలో 1795 నాటి వాలాజా మసీదును చూడవచ్చును. దానిలోని ఫారసీ శిలాశాసనమును రచించినవాడు నవాబుగారి కొలువులోని మఖన్‌లాల్ అను హిందువు. ఉర్దూ, తెలుగు రెండును చదువు మన విద్యార్థులకు ఆ అక్షరములవద్ద పది నిమిషములు నిలుచుట వృథా కాదు.

మూడున్నరకు అందరును స్టేషనులో నుండవలెను. తప్పిపోయినవాడు వెదకుచు తిరుగక నేరుగా స్టేషనుకే రావలెనని, టిక్కెట్టు ప్రతి నొకదానిని ఎవరిది వారివద్దనే యుంచవలెను. తిరుగుబండి పగటిలో బయలుదేరును గనుక, రాత్రి నిద్రలో దాటిన దారి ఇప్పుడు కనబడును: 1960లో మద్రాసు రాష్ట్రమునకు పోయిన తిరుత్తణి, అచ్చట స్టేషను పలకలపై తమిళము విడిచి పుత్తూరులో మరల తెలుగు, రేణిగుంట. శేషాచలపు ఎర్రచందనపు అడవిని, కోడూరు తోటలను, 2021 నవంబరు వరదలో పట్టాలు కొట్టుకొనిపోయిన నందలూరు చెయ్యేటి ప్రాంతమును చీకటి మ్రింగును. కడపవారు రాత్రి దిగుదురు. కర్నూలువారు దిగునది నడిరేయి దాటిన పిమ్మట గనుక, దూరపు వీథుల పిల్లలను ఎవరు వచ్చి తీసికొనిపోవుదురో వారి ఇంటివారి పేర్లు, ఫోను నంబర్లు బయలుదేరునాడే వ్రాసికొని, తండ్రులు రాలేనివారికి హాస్టలులో పడక ఏర్పాటుచేసి యుంచవలెను.