పని చేసినట్టు రుజువేది?

అక్కలారా, మొన్న రాత్రి బడిలో పేపరు చదువుతుంటే "ఎం.పి. సహాయకుల జీతం" అనే మాట వచ్చింది. "ఎం.పి.కి జీతం ఇస్తున్నారు, సరే. ఆయన దగ్గర పనిచేసేవాళ్ళకి కూడా సర్కారే ఇస్తుందా టీచరమ్మా?" అని ఒక పెద్దమ్మ అడిగింది.

అవును, ఇస్తుంది. ఎం.పి.కి ఉత్తరాలు రాసిపెట్టాలి. కాగితాలు వెతికి ఇవ్వాలి. వచ్చిన అర్జీలు చూడాలి. ఒక్కరి వల్ల కాదు. మన దేశంలో 2018లో మార్చిన లెక్క ప్రకారం ఒక్కో ఎం.పి.కి ఆఫీసు ఖర్చు నెలకి 60,000 రూపాయలు ఉండేది. అందులో 40,000 సహాయకుల కోసం. సహాయకుల డబ్బు ఎం.పి. చేతికి ఇవ్వరు. పార్లమెంటు ఆఫీసే సహాయకుడికి ఇస్తుంది.

ఇలాంటి డబ్బు మీదే యూరప్‌లో ఒక పెద్ద తగాదా నడిచింది. ఆ రాత్రి మేం చదివింది దాని గురించే.

యూరప్‌లో ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ లాంటి 27 దేశాలు ఇప్పుడు ఒక కూటమిగా ఉన్నాయి. ఆ కూటమికి ఒక పార్లమెంటు ఉంది. అన్ని దేశాల నుంచీ ఎం.పి.లు ఎన్నికై వస్తారు. అక్కడ కూడా సహాయకుల జీతం పార్లమెంటు సొమ్మే. దానికి ఒక షరతు ఉంది. సహాయకులు పార్లమెంటు పనే చెయ్యాలి. పార్టీ పని చెయ్యకూడదు.

ఫ్రాన్స్ దేశపు మరీన్ లె పెన్ ఆ పార్లమెంటులో 2017 దాకా సభ్యురాలు. ఒక పెద్ద పార్టీకి నాయకురాలు కూడా. ఆమెకి ఒక సహాయకురాలు ఉండేది. 2010 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా ఆ సహాయకురాలికి జీతం వెళ్ళింది. "ఆమె నీకు పార్లమెంటు పని చేసినట్టు రుజువు లేదు. ఆ డబ్బు తిరిగి కట్టు" అని 2016 డిసెంబరులో పార్లమెంటు అడిగింది. ఎంతో తెలుసా? 2,98,497 యూరోలు. యూరో అంటే అక్కడి రూపాయి. అప్పటి మన లెక్కలో రెండు కోట్ల రూపాయల పైమాట.

ఆమె కట్టనంది. ఇచ్చిన గడువు దాటిపోయింది. 2017లో పార్లమెంటు ఆమె జీతంలో సగం పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమె కోర్టుకి వెళ్ళింది.

కోర్టులో అసలు ప్రశ్న ఇదీ: రుజువు ఎవరు చూపించాలి? పని జరగలేదని పార్లమెంటు చూపించాలా? జరిగిందని ఆమె చూపించాలా? 2018 జూన్ 19న కోర్టు తీర్పు ఇచ్చింది. డబ్బు వాడుకున్న సభ్యురాలే చూపించాలంది. ఆమె చూపించలేకపోయింది. 2019లో పై కోర్టు కూడా అదే మాట అంది. ఆమె తండ్రి కూడా అదే పార్లమెంటులో సభ్యుడిగా ఉండేవాడు. ఆయన మీద 3,20,026 యూరోల కేసు. 2018 మార్చిలో ఆయన కూడా ఓడిపోయాడు.

ఇక్కడికి చదివేసరికి పెద్దమ్మ ఊరుకోలేదు. "నేను నాలుగు రోజులు మట్టి పని చేశా. మస్టరులో నా పేరు ఎక్కలేదు. చేశావని రుజువేంటి అన్నారు. నోరు మూసుకుని వచ్చేశా. ఆవిడకీ నాకూ ఒకటే న్యాయమా?" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికెళ్ళి ఆలోచించాను. ఒకటే న్యాయం కాదనిపించింది. లె పెన్‌కి ఆఫీసు ఉంది. సహాయకురాలు రాసిన ఉత్తరాలు ఉంటే ఆమె దగ్గరే ఉండాలి. కాబట్టి ఆమెని అడగడం సబబే. మరి మస్టరు? అది రాసేది పెద్దమ్మ కాదు, దాచేదీ పెద్దమ్మ కాదు. కాగితం ఎవరి చేతిలో ఉందో వాళ్ళని కదా అడగాలి! మర్నాడు ఆమెతో ఇదే చెప్పాను. "ఈ మాట ఆ రోజే చెప్పేవాళ్ళుంటే" అంది.

ఇంకో సంగతి. డబ్బు తిరిగి కట్టమనడం వేరు, నేరం చేశావనడం వేరు. 2023లో లె పెన్ మూడు లక్షల యూరోలకు పైగా కట్టింది. కానీ తప్పు ఒప్పుకోలేదు. సహాయకులు చేసేది రాజకీయ పనే, దాన్ని రెండు ముక్కలు చెయ్యలేం అని ఆమె వాదన. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అయినా పారిస్ కోర్టులో నేరం కేసు నడిచింది. నేరం కేసులో రుజువు చూపాల్సింది నేరం మోపినవాళ్ళే. 2025 మార్చి 31న ఆ కోర్టు, పార్లమెంటు సొమ్ముతో పార్టీ పని చేయించుకున్నారని తేల్చింది. ఆమెతో పాటు ఇంకా చాలామందికి శిక్ష వేసింది. ఆమెకి నాలుగేళ్ళ శిక్ష, లక్ష యూరోల జరిమానా. అయిదేళ్ళు ఎన్నికల్లో నిలబడకూడదు. ఇది మొదటి కోర్టు తీర్పు. ఆమె దీని మీద అప్పీలు చేసింది.

రాయండి: 2,98,497 ఈ అంకెని అక్షరాల్లో రాయండి.

చూడండి: మీ పొదుపు సంఘం పుస్తకం తెరవండి. పోయిన నెల ఖర్చుల్లో వేటికి రసీదు ఉంది? వేటికి లేదు? రసీదులు ఎవరి దగ్గర ఉన్నాయి? రేపు రాత్రి బడికి రాసుకు రండి.