ఆ ఖర్చు ఎవరి ఖాతాలో?

ఎడిసన్, న్యూజెర్సీ

చిరంజీవి మేనల్లుడికి,

బావకి నువ్వు పెట్టిన మెసేజ్ అక్కయ్య నాకు పంపింది. ఉద్యోగం మానేస్తావట, స్నేహితులిద్దరితో సొంత కంపెనీ పెడతావట, నీ జీవితం నీ ఇష్టమట. కింద స్టీవ్ జాబ్స్ స్టాన్‌ఫర్డ్ ప్రసంగం లింకు. బావ దాన్ని తెరవను కూడా లేదు. నేను మొత్తం విన్నాను.

నిన్ను ఆపడానికి ఈ ఉత్తరం రాస్తున్నాననుకోకు. పాతికేళ్ల వాడు అన్నిటికీ తలూపుతుంటే నాకు కాస్త భయమే. కానీ 2005 నాటి ఆ ప్రసంగంలో నువ్వు దాటేసిన ముక్క ఒకటుంది. జాబ్స్ చేరిన రీడ్ కాలేజీ ఫీజు చాలా ఎక్కువ. కాయకష్టం చేసుకునే అమ్మానాన్నలు దాచుకున్న డబ్బంతా దానికే పోతోంది, తనకేమో ఏం చదవాలో తెలియదు. అందుకని మొదటి సెమిస్టరుతోనే మానేశాడు. మానేశాక కూడా ఏడాదిన్నర అక్కడే తిరుగుతూ, స్నేహితుల గదుల్లో నేల మీద పడుకుని, నచ్చిన క్లాసుల్లో కూర్చున్నాడు. అందులో నాకు తిరుగుబాటు కన్నా లెక్క ఎక్కువ కనిపించింది.

అయినా కాలిఫోర్నియా దాకా ఎందుకు? మన భీమవరం వాడే ఉన్నాడు, యల్లాప్రగడ సుబ్బారావు. పేరు వినే ఉంటావు, స్కూల్లో జనరల్ నాలెడ్జి బిట్‌గా. నాకు మాత్రం ఆయన ముందు పరీక్షనాళికలో పరిచయం. రక్తంలో ఫాస్ఫరస్ ఎంతుందో చూడాలంటే మోలిబ్డేట్ కలిపి, ఆ పైన ఇంకో రసాయనం వేస్తాం. నీళ్లలా ఉన్నది మెల్లగా నీలం తిరుగుతుంది. ఎంత చిక్కటి నీలమైతే అంత ఫాస్ఫరస్. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఆయన ప్రకటించిన పద్ధతి అది. నా ఉద్యోగమంతా ల్యాబుల్లోనే గడిచింది కనక చెప్తున్నా, అంత తేలికైన, అంత నమ్మకమైన పరీక్షలు చాలా తక్కువ.

ఆయన తిరుగుబాటు చూడు. చిన్నప్పుడే కాశీకని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెనక్కి లాక్కొచ్చింది. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లాడు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది మింగుడు పడలేదు. చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్. ఒక్క గౌనుకి అంత ఖరీదు! ఆ ఖరీదు కట్టింది మాత్రం ఆయనే. బోస్టన్ చేరాక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్లు తీసి కడిగి ఫీజు కట్టుకున్నాడు. హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వకపోతే 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లాడు. ఆ ల్యాబు ఉన్న పెర్ల్ రివర్ మా ఇంటికి కారులో గంట పైచిలుకు. ఆయన అన్నని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టనపెట్టుకుంది. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ఆయన బృందం తయారుచేసింది. దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్ కూడా అక్కడిదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకి వాడితే 16 మందిలో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు వెనక్కి తగ్గింది. 1948లో అది పెద్ద వార్త. బోదకాలు రాకుండా మన ఊళ్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆ ల్యాబు నుంచి వచ్చిందే. చిన్నప్పుడు నువ్వు మింగనని మంచం కింద దూరావే, అదే.

ఇక్కడిదాకా అందరూ చెప్తారు. నేను చెప్పాలనుకున్నది శేషగిరి గారి గురించి.

సుబ్బారావు భార్య ఆవిడ. ఆయన ఓడ ఎక్కడానికి కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధితో పాటు పిల్లనిచ్చిన మామగారూ సాయపడ్డాడు. అప్పటికి ఆవిడ గర్భిణి. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. బిడ్డని తండ్రి చూడలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకి పెర్ల్ రివర్‌లో చనిపోయేదాకా ఆయన ఇండియా తిరిగి రాలేదు. 1946 దాకా మనవాళ్లకి ఇక్కడ పౌరసత్వం తీసుకునే వీలు దాదాపు లేదు, భార్యల్ని తెచ్చుకోవడమూ అంత తేలిక కాదు, అందుకని తప్పంతా ఆయన మీద వెయ్యలేను. కానీ ఎల్ఎంఎస్ బిల్లు ఆయన కడితే, అమెరికా బిల్లులో పెద్ద వాటా ఆవిడ కట్టింది. ఎవరైనా ఆవిణ్ణి అడిగే కట్టించారా అన్నది నాకు ఎప్పుడూ ఉండే అనుమానం.

భార్య కోసం ఖర్చు తనే భరించిన సత్య నాదెళ్ల సంగతి చూడు. గ్రీన్ కార్డు ఉన్నవాడు పెళ్లి చేసుకుంటే భార్య రావడానికి ఏళ్లు పట్టేది. హెచ్-1బీ అనే తాత్కాలిక ఉద్యోగ వీసా ఉన్నవాడి భార్య అయితే వెంటనే వచ్చే వీలుండేది. 1994లో ఆయన ఢిల్లీ ఎంబసీకి వెళ్లి గ్రీన్ కార్డు తిరిగిచ్చేసి హెచ్-1బీకి అప్లై చేశాడు. అప్పుడాయన సీఈవో కాదు, మైక్రోసాఫ్ట్‌లో చిన్న ఉద్యోగి. ఊళ్లో వాళ్లకి అది పిచ్చి పనిలా కనిపించి ఉంటుంది. నా దృష్టిలో మాత్రం నువ్వు పంపిన వీడియో కన్నా అదే పెద్ద తిరుగుబాటు.

ఇప్పుడు నీ లెక్క. చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండనివ్వరు. ఈ మొదటి ఏడాదిలో సొంత కంపెనీకి వీలుంది, కాదనను. సైన్సు, టెక్నాలజీ చదివినవాళ్లకిచ్చే స్టెమ్ పొడిగింపుకి వచ్చేసరికి ఈ-వెరిఫై అనే ప్రభుత్వ వ్యవస్థలో ఉన్న యజమాని కావాలి, నీ శిక్షణ ప్లాను మీద సంతకం పెట్టే మనిషి కావాలి. నీ కాగితం మీద నువ్వే సంతకం పెట్టుకుంటే కుదరదు. ఇది మీ ముగ్గురిలో ఎవరైనా చదివారా? ఇదంతా నీ రిస్కు, నువ్వు పడతానంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ నీ చదువు అప్పుకి బావ ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. వాయిదా తప్పితే ఫోను మోగేది డల్లాస్‌లో నీ గదిలో కాదు, బావ ఇంట్లో. "నా జీవితం నా ఇష్టం" అన్న వాక్యం బావ ఇంటి కాగితాలకి ఎలా వర్తిస్తుందో నాకు అర్థం కాలేదు.

థాంక్స్‌గివింగ్‌కి రా. లోను స్టేట్‌మెంటు, ఐ-20, ఈఏడీ కాపీలు తెచ్చుకో. మీ ముగ్గురూ ఎవరెంత పెడుతున్నారో, మధ్యలో ఒకడు తప్పుకుంటే ఏమిటో రాసుకున్న కాగితం ఉంటే అదీ తీసుకురా. లేకపోతే వచ్చేలోపు రాసుకోండి. ఆరు నెలల వాయిదాలు పక్కన పెట్టాకే మానేస్తానంటే బావతో నేను మాట్లాడతాను. కాగితాల సంగతి మాత్రం నువ్వే చెప్పాలి. ఇండియాలో పొద్దున్న 9 దాటాక బావకి ఫోన్ చెయ్యి. టిఫినూ బీపీ మాత్రా అయ్యుంటాయి.

మీ మామయ్య