కణితి అరిస్తే ఆగు

గోదావరిఖని,
మార్చి 2

బిడ్డా,

నలుగురు దోస్తులతో కవ్వాల్ అడవికి పోతున్నవని మీ అమ్మ చెప్పింది. సంతోషం. పులి కనబడేదాకా వెనక్కి రానన్నవట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది. ఫోన్లో చెప్తే నువ్వు సగం వింటవు, నేను సగం మరుస్త.

మన గోదావరి బ్రిడ్జి దాటి ఇందారం, శ్రీరాంపూర్, మంచిర్యాల, లక్సెట్టిపేట మీదుగా జన్నారం పోతే ఇక టేకు అడవే. 1965లో అభయారణ్యం అయింది, 2012లో టైగర్ రిజర్వు చేసిన్రు. బఫర్ కలుపుకుంటే రెండు వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. పేరులో టైగర్ ఉందని ప్రతి మలుపులో పులి నిలబడి ఉండదు. మహారాష్ట్రలోని తాడోబా దిక్కు నుంచి పులులు నడిచొస్తయి గానీ కాగజ్‌నగర్ దగ్గరే ఎక్కువ ఆగిపోతయి. ఫాల్గుణ అని పేరుపడ్డ ఆడపులి అక్కడే పిల్లల్ని పెట్టింది. జన్నారం దాకా వచ్చి కుదురుకునేవి తక్కువ. కాబట్టి చూపు మీద ఆశ తగ్గించుకొని చెవి మీద పెట్టుకో.

నేను సింగరేణిలో ముప్పై నాలుగేండ్లు బొగ్గు బాయి దిగిన. కింద కండ్లకు పెద్ద పనిలేదు, టోపీ లైటు వెలుగు పడ్డంత మేరే లోకం. మమ్మల్ని బతికించింది చెవి. సర్దారు కర్రతో కప్పును కొట్టి చూసేటోడు. గట్టి కప్పయితే ఖంగుమంటది. పొర విడిచిన కప్పు డొల్లగా పలుకుతది. కింద నిలబెట్టిన టింబర్ మీద బరువు దిగితే అది ముందు కిరకిరమంటది, ఆ తర్వాత చిట్లుతది, ఆ నడుమ దొరికే కాసేపట్లోనే మనిషి బయటపడాలె. ఇనుప సపోర్టులు వచ్చినంక కూడా పాతోళ్ళు కర్రనే నమ్మిన్రు. ఇనుము నోరు మూసుకొని ఓర్చుకుంటది, ఓర్చుకొని ఓర్చుకొని ఒక్కసారే పోతది.

అడవి కర్ర లెక్క, ముందే చెప్తది. కొండముచ్చు చెట్టు చిటారున కూర్చుంటే దాని కింద దుప్పులు మేస్తుంటయి. అది తెంపి పారేసిన ఆకులు, కాయలు వీటికి తిండి. పైన దాని చూపు, కింద వీటి ముక్కు, రెండూ కలిస్తే కాపలా. చిరుతనో పులినో కదిలితే కొండముచ్చు దగ్గినట్టు ఖక్కుమంటది. దుప్పి సన్నగా, పదునుగా కూత పెడ్తది. అయితే దుప్పి పిరికిది, ఊరకుక్కను చూసినా అరుస్తది. కణితి, అదే సాంబర్ జింక, అట్లా కాదు, ఊరికే నోరు విప్పదు. తోక నిక్కబెట్టి, కాలు నేలకేసి కొట్టి, ఖాళీ డబ్బాను గుద్దినట్టు ‘ఢాంక్’ అన్నదంటే అది చూస్తున్న దిక్కుకే చూడు. గైడు జీపు ఆపిస్తడు. అప్పుడు మీలో ఒక్కడు గుసగుసలాడినా అంతే సంగతి. పులి రాకపోయినా ఆ ఐదు నిమిషాలు నీ ఒంటి మీద వెంట్రుకలు లేచి నిలబడతయి, చూసుకో.

గార్డు వెంట నడిచేటప్పుడు మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా చెయ్యాలె. మాట్లాడుకుంటూ నడువున్రి. 1987 ఎండాకాలం, నైట్ షిఫ్టు దిగి నేను, మా జోడీదారు సైకిళ్ళేసుకొని మంథని దిక్కు పోయినం, శివారం అభయారణ్యం మొసళ్ళను చూద్దామని. చూసినం, ఇసుక మీద నోళ్ళు తెరిచి పడుకున్నయి. ఒంటి వేడి దించుకోవడానికి అట్లా తెరుస్తయట. వచ్చేటప్పుడు నిద్రకు కండ్లు మూతబడుతుంటే, మాటా పలుకూ లేకుండా సైకిళ్ళు నడిపించుకొస్తున్నం. ఇప్పచెట్టు కింద గుడ్డేలుగు పూలేరుకొని తింటున్నది. దానికి చూపు తక్కువ, తిండిలో పడితే చప్పుడు కూడా పట్టదు. పది గజాల దాకా మేం దాన్ని చూడలే, అది మమ్మల్ని చూడలే. ఉలిక్కిపడి మీదికొచ్చింది. మా జోడీదారు భుజానికి ఇరవై మూడు కుట్లు పడ్డయి. నేను సైకిలు అడ్డం పెట్టిన కాబట్టి ఇప్పుడు ఉత్తరాలు రాస్తున్న. మీరు పోయేది కూడా ఇప్పపూలు రాలే రోజుల్లోనే.

బీడీ, సిగరెట్ అలవాటు ఎవరికన్నా ఉంటే బండిలోనే పెట్టి దిగమను. ఎండిన టేకాకు ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటది. పాము కాటేస్తే కట్టు కట్టుడు, కోసుడు వద్దు, కదలకుండా పండబెట్టి దవాఖానకు పట్టుకపోవాలె. చేతులు నిండా చొక్కా, దోమతెర తప్పనిసరి. ఆదిలాబాద్ అడవి జ్వరాల సంగతి మీ అమ్మమ్మను అడుగు.

ఇంకో సంగతి. నా నెత్తి మీద కప్పును ఆపిన టింబర్ అంతా ఒకప్పుడు ఏదో అడవిలో నిలబడ్డ చెట్టే. ఓపెన్‌కాస్టులు వచ్చినంక నేలకు నేలే తవ్వుడయింది. మట్టిగుట్టల మీద మొక్కలు నాటిన్రు, పచ్చగానే ఉన్నయి, కాదనను. వరుసకట్టి నిలబడ్డ ఆ మొక్కలకూ అడవికీ తేడా ఏందో జన్నారంలో పొద్దుగూకే యాళ్ళకు నీకే తెలుస్తది.

వచ్చేటప్పుడు మా దగ్గర ఒక పూట ఆగు. అమ్మమ్మ సర్వపిండి చేస్తానంటున్నది. పులి కనబడ్డదా అని నేనడగ. కణితి ఎట్లా అరిచిందో మాత్రం నాకు అరిచి చూపించాలె.

మీ తాత