లైబ్రరీ వీధిలోకి వస్తే

లైబ్రరీ అనగానే మనకి గుర్తొచ్చేవి "నిశ్శబ్దం" బోర్డు, పరీక్షల ముందు ఎప్పుడూ దొరకని టెక్స్ట్‌బుక్కు. కానీ కొన్ని ఊళ్ళలో లైబ్రరీలే జనాన్ని బయటికి పంపి వీధుల్లో ఆటలాడిస్తున్నాయి. ఆ ఆటలు ఎలా నడుస్తాయో, మనం ఏం తీసుకోవచ్చో చూద్దాం.

నడిచి చదివే కథ

వీటిలో తేలికైనది స్టోరీవాక్. 2007లో అమెరికాలోని మాంట్‌పీలియర్‌లో ఆన్ ఫెర్గూసన్ అక్కడి కెల్లాగ్-హబ్బర్డ్ లైబ్రరీ సాయంతో మొదలుపెట్టారు. బొమ్మల పుస్తకం పేజీలు విడదీసి, నడకదారి వెంట ఒక్కొక్కటీ కర్రకి తగిలిస్తారు. తర్వాత ఏమైందో తెలియాలంటే పిల్లలు ముందుకు నడవాల్సిందే.

ఊరంతా ఆట

మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ లైబ్రరీ ఇంకో అడుగు ముందుకేసింది. 2011 నుంచి ఏటా 'సమ్మర్ గేమ్' నడుపుతోంది. పార్కుల్లో, షాపుల్లో, ఇళ్ళ ముందు పచ్చికలో కూడా కోడ్‌లు పెడతారు. కోడ్ కనిపెట్టి వెబ్‌సైట్‌లో కొడితే పాయింట్లు, ఆ పాయింట్లతో బహుమతులు.

ఆ ఊరి పాత దినపత్రిక 2009లో మూతపడితే, దాని ఫొటోలూ క్లిప్పింగులూ లైబ్రరీయే తీసుకుని ఆన్‌లైన్లో పెడుతూ వచ్చింది. కాబట్టి వీధిలో కనిపించే ప్రతి పాత భవనం వెనకున్న కథ చెప్పడానికి లైబ్రరీ దగ్గర సరుకుంది.

మనకేంటి?

పుస్తకాన్ని జనం దగ్గరికి పంపడం మనకి కొత్తేం కాదు. 1935లోనే పాతూరి నాగభూషణం గారు కొమ్మమూరు కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు.

ఇప్పుడు మనం ఆట కడితే? కోడ్‌లు, పాయింట్ల డేటాబేస్ మనవాళ్ళు రెండు రోజుల్లో రాసేస్తారు. కష్టమంతా ప్రశ్న తయారు చేయడంలోనే. "హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఎప్పుడు పుట్టింది?" అని అడిగితే ఫోన్ క్షణంలో 1901 అంటుంది. ఆట అక్కడితో అయిపోయింది. అదే, సుల్తాన్ బజార్‌లో ఆ భవనం ముందు నిలబెట్టి, "నిజాం రాజ్యంలో పుట్టిన లైబ్రరీ పేరులో 'ఆంధ్ర' ఎందుకుంది?" అని అడగండి. అప్పట్లో ఆ మాటకి 'తెలుగు' అనే అర్థం ఉండేదని తెలియడానికి లోపలికెళ్ళి పాత పుస్తకం తీయాలి, లేదా అక్కడి పెద్దాయన్ని పలకరించాలి.

అంటే మంచి ప్రశ్న ఆటగాణ్ణి ముందు వీధిలోకి, తర్వాత పుస్తకం దగ్గరికి పంపాలి. ఇందులో తొందర కూడా ఉంది. పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టాక, దాని కథ తెలిసిన తాతగారు కూడా లేకపోతే, ఇక ఆ ప్రశ్న అడగడానికి చోటూ ఉండదు, జవాబు చెప్పే మనిషీ ఉండరు.

మన కాలేజీ గేటు నుంచి ఒక్క వీధి తీసుకుందాం. ఐదు చోట్లు, ఐదు ప్రశ్నలు చాలు. ముందుగా ఆ వీధిలో అందరికంటే పాత టీ కొట్టు ఎవరిదో కనుక్కుని, అక్కడ కూర్చుని అడగడం మొదలుపెట్టండి.